2024–25 వార్షిక నివేదిక: బడి గోడ నుంచి వంద గజాలు

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా మన నివేదిక బోరు మోటారుతో మొదలై వినాయక చవితి జమాఖర్చులతో ముగుస్తుంది. ఈసారి ఆ రెండూ చివర్లో ఉన్నాయి, కంగారు పడకండి. ఈ ఏడాది మన కాలనీ సంక్షేమ సంఘం ఎక్కువ ఆదివారాలు పెట్టిందీ, ఎక్కువ మాటలు పడిందీ, ఒకచోట తప్పు చేసిందీ ఒక్క విషయం మీదే. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల చేతికి సిగరెట్, గుట్కా, ఈ మధ్య వేప్ (ఈ-సిగరెట్) చేరడం గురించి. నిరుడు సర్వసభ్య సమావేశంలో ఈ పని అప్పజెప్పి పది వేల రూపాయలు మంజూరు చేసింది మీరే. అందులో ఏం చేశామో, ఏం చేతకాలేదో చెబుతాను.

పొగాకు ఊళ్లో పొగాకు కమిటీ

ఒంగోలులో ఈ మాట ఎత్తడం ఎంత ఇబ్బందో మీకు చెప్పక్కర్లేదు. టంగుటూరు, కొండపి వేలం కేంద్రాలకు బేళ్లు తోలేవాళ్లు మనలో ఉన్నారు. పొగాకు ఆకు ఆరబెట్టే బ్యారన్ కౌలుకిచ్చి ఆ డబ్బుతో పిల్లల ఫీజులు కట్టేవాళ్లున్నారు. గ్రేడింగ్ పనికి వెళ్లి సాయంత్రం ఒళ్లంతా ఆ ఘాటుతో ఇంటికొచ్చే ఆడవాళ్లున్నారు. పొగాకు బోర్డు ఆఫీసు కూడా దూరమేం కాదు, గుంటూరులోనే.

అందుకే కమిటీ మొదటి సమావేశం అరగంటలో ఆగిపోయింది. ఒక రైతు సభ్యుడు లేచి, "మాస్టారూ, పొగాకు విషం అని బ్యానర్ రాసి నా ఇంటి ముందు నుంచి ఊరేగింపు తీస్తే నేనెక్కడ నిలబడాలి? లోపలా బయటా?" అన్నారు. ఎవరి దగ్గరా జవాబు లేదు. ఈ సీజన్‌లో నల్ల బర్లీ రకం పొగాకు కొనే నాథుడు లేక, చివరికి సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్ చేత ప్రభుత్వమే కొనిపించాల్సి వచ్చిన సంగతి తలచుకుంటే ఆయన బాధ ఇంకా బాగా అర్థమవుతోంది.

రెండో సమావేశంలో ఒక ఒప్పందానికి వచ్చాం. పంట సంగతి మనది కాదు, పెద్దవాళ్ల అలవాటు సంగతీ మనది కాదు. పిల్లల సంగతి ఒక్కటే మనది. "పొగాకు విషం" బ్యానర్ తీసేసి "పద్దెనిమిది లోపు అమ్మం, కొననివ్వం, పంపం" అని రాయించాం. ఆ మూడో మాట, "పంపం", చేర్పించింది ఆ రైతు సభ్యుడే. ఏడాదంతా మనల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టిందీ ఆ మాటే.

రెండు వందల రూపాయలు, ఏడేళ్ల జైలు

జూలైలో ఒక ఆదివారం మన కాలనీ లాయరు గారు కమ్యూనిటీ హాల్లో గంటసేపు చట్టం చెప్పారు. వచ్చింది పద్దెనిమిది మందే. రాని వాళ్ల కోసం ముఖ్యమైన సంగతులు.

2003లో కేంద్రం తెచ్చిన సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టాన్నే వాడుకలో కోట్పా అంటున్నారు. అందులో ఆరో సెక్షన్ మనకు కావలసింది. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు పొగాకు అమ్మకూడదు. విద్యాసంస్థకు వంద గజాల లోపల ఎవరికీ అమ్మకూడదు. అమ్మే ప్రతి చోటా అరవై సెంటీమీటర్ల వెడల్పు, ముప్పై సెంటీమీటర్ల ఎత్తున హెచ్చరిక బోర్డు ఉండాలి. పిల్లల చేతికి అందేలా సరుకు పెట్టకూడదు, పిల్లల చేత అమ్మించకూడదు. "వాడు చిన్నవాడని నాకెలా తెలుస్తుంది" అని కొట్టువాడు తప్పించుకోవడానికీ లేదు, వయసు సరిచూసుకునే బాధ్యత అతనిదే.

ఇంతవరకూ బాగుంది. తప్పితే జరిమానా? రెండు వందల వరకు. ఇరవై ఏళ్ల కిందట రెండు వందలంటే కొట్టువాడికి ఒక రోజు లాభం పోయినట్టు. ఇప్పుడు అది రెండు టీ ఫ్లాస్కుల అమ్మకం.

ఇదే సిగరెట్‌ను ఇదే పిల్లవాడికి ఇస్తే 2015 నాటి బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు. లాయరు గారు ఈ మాట చెప్పగానే హాలు నిశ్శబ్దమైంది. వెనక బెంచీ నుంచి ఎవరో, "మధ్యలో ఏం లేదా అండీ?" అని అడిగారు. నా మటుకు నాకు ఆ రోజు అందరికంటే మంచి ప్రశ్న అదే. రెండు వందలకు ఎవడూ భయపడడు. ఏడేళ్ల సెక్షన్ ఒక బడ్డీకొట్టు ఆవిడ మీద పెట్టడానికి ఏ ఎస్సైకీ మనసొప్పదు. కర్ణాటక 2025 మే నెలాఖరున తన సవరణ చట్టం అమల్లోకి తెచ్చి కొనే వయసును 21కి, జరిమానాను వెయ్యికి పెంచింది. మన దగ్గర ఇంకా పాత లెక్కే.

గుట్కా సంగతి అడిగినవాళ్లకు: ఆహార పదార్థాల్లో పొగాకు, నికోటిన్ కలపకూడదని 2011 నాటి ఆహార భద్రత నిబంధన. దాని ఆధారంగా రాష్ట్రాలు గుట్కాను నిషేధిస్తూ వస్తున్నాయి. మరి కొట్లో వేలాడే ఆ జంట పొట్లాలేమిటి? ఒకటి పొగాకు లేని పాన్ మసాలా, రెండోది నమిలే పొగాకు, జర్దా. విడివిడిగా అమ్ముతారు, కొన్నవాడు నోట్లో కలుపుకుంటాడు. ఫ్యాక్టరీలో జరగాల్సిన పని నోట్లో జరుగుతుంది, అంతే తేడా.

పైథాగరస్ వీధిలోకి వచ్చిన రోజు

ముప్పై రెండేళ్లు లెక్కల మాస్టారుగా వ్యాసార్ధం గురించి చెప్పాను. దాన్ని రోడ్డు మీద కొలవడం మాత్రం మొన్న ఆగస్టులోనే.

మన పక్క ఉన్నత పాఠశాల చుట్టూ పొగాకు అమ్మే కొట్లు ఐదున్నాయి. నాలుగు వంద గజాల లోపలే ఉన్నాయని చూస్తేనే తెలుస్తుంది. ఐదోది మలుపు తిరిగాక ఉన్న టీ కొట్టు. ఆయన మొదటి రోజే టేపు తెచ్చి చూపించాడు: బడి గోడ మూల నుంచి మలుపు దాకా 66 మీటర్లు, మలుపు నుంచి కొట్టు దాకా 46. మొత్తం 112. "వంద గజాలంటే 91 మీటర్లు కదా మాస్టారూ, నేను బయటే ఉన్నా." లెక్క తప్పులేదు. కమిటీ వాళ్లు వెనక్కి తిరగబోయారు.

నిబంధనలో ఉన్న మాట దారి వెంట కొలవమని కాదు. విద్యాసంస్థ బయటి హద్దు నుంచి వ్యాసార్ధంగా, అంటే తిన్నగా గీత గీస్తే ఎంతో అంత. మధ్యలో మూడిళ్లున్నాయి, వాటి మీదుగా టేపు లాగలేం. అప్పుడు పదో తరగతి పిల్లలు నలుగురిని పిలిచి, మలుపు లంబకోణమేనా అని ముందు చూడమన్నాను. సుమారుగా అంతే. ఇక చెప్పక్కర్లేదు. ఒకమ్మాయి సుద్దముక్కతో రోడ్డు మీదే వేసింది: 66 వర్గం 4,356, 46 వర్గం 2,116, కలిపితే 6,472, దాని వర్గమూలం 80 దాటి కొంచెం. టీ కొట్టాయన ఆ సుద్ద లెక్క చుట్టూ రెండుసార్లు తిరిగి, "అయితే నేను లోపలే ఉన్నానంటావా అమ్మాయ్?" అన్నాడు. "పదకొండు మీటర్లు లోపల బాబాయ్" అంది ఆ పిల్ల. నా సర్వీసులో ఇంతకంటే బాగా ఒప్పజెప్పిన పైథాగరస్ సిద్ధాంతం లేదు.

అదే వారం పసుపు గీత వేశాం. ఇది మన సొంత ఆలోచన కాదు. కేంద్ర ఆరోగ్య శాఖ రూపొందించిన పొగాకు రహిత విద్యాసంస్థల మార్గదర్శకాల్లో తొమ్మిది అంశాలున్నాయి, అందులో వంద గజాల హద్దును గీతతో గుర్తించడం ఒకటి. బడిలో పొగాకు మానిటర్‌ను నియమించాలి, ఆ పేరు బోర్డు మీద రాయాలి, ఆవరణలో సిగరెట్ పీకలు, ఉమ్మిన మరకలు కనిపించకూడదు, ఆరు నెలలకొక కార్యక్రమమైనా జరగాలి. హెడ్మిస్ట్రెస్ గారు ఒక సోషల్ టీచర్‌ను, తొమ్మిదో తరగతి నుంచి ఇద్దరిని మానిటర్లుగా పెట్టారు. పెయింట్ సంఘం కొన్నది. నవంబరులో పైపులైను కోసం రోడ్డు తవ్వి, మళ్లీ తారు పోశారు. గీతలో సగం తారు కింద ఉంది. దాన్ని తిరిగి వేయడం ఈ ఏడాది బాకీ.

కొట్ల సంగతి

ఐదు కొట్లకూ బోర్డులు చేయించి ఇచ్చాం. పదిహేను రోజుల తర్వాత చూస్తే ఒక కొట్లో బోర్డు మీద షాంపూ ప్యాకెట్ల దండలు వేలాడుతున్నాయి. రెండో కొట్లో అది ఎండ తగలకుండా అడ్డుపెట్టుకునే అట్ట అయింది. మూడు కొట్లలో సరిగ్గానే ఉంది.

పోలీసులకు ఫిర్యాదు చేయాలా వద్దా అన్న దాని మీద కమిటీ రెండుగా చీలింది. యువజన సభ్యులు చేయాలన్నారు. చేశాం కూడా. ఒక సాయంత్రం వచ్చారు, ఇద్దరికి చలానా రాశారు, వెళ్లారు. మర్నాడు పొద్దున ఏడు గంటలకు ఆ రెండు కొట్ల ముందూ అదే గుంపు. అప్పుడు మహిళా విభాగం వేరే దారి పట్టింది.

బడి గేటుకు దగ్గర్లో ఉన్న బడ్డీకొట్టు ఒక ఒంటరి మహిళది. ఆవిడ కూర్చోబెట్టి చెప్పిన మాటలు మన వాళ్లు రాసుకొచ్చారు. "సిగరెట్ మీద నాకు మిగిలేది తక్కువేనమ్మా. కానీ సిగరెట్ కోసం వచ్చినోడే టీ తాగుతాడు, బిస్కెట్ కొంటాడు. అది తీసేస్తే మనిషే రాడు. మీరందరూ పాలపొట్లాలు బైపాస్ దగ్గర పెద్ద కొట్లో కొంటారు కదా, నా దగ్గర కొంటారా?" దీనికి మన వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. నిజమే కదా. ఆవిడ కొట్టుకు మనం వెళ్లేది చిల్లర కోసమే.

సెప్టెంబరు నుంచి మన వీధుల్లో ముప్పైకి పైగా ఇళ్లు పాలు, పెరుగు, కొత్తిమీర ఆవిడ దగ్గరే తీసుకుంటున్నాయి. దసరాకి ఆవిడ సిగరెట్ పెట్టెలు తీసేసింది. సంక్రాంతి తర్వాత మరో రెండు కొట్లు తీసేశాయి. టీ కొట్టాయన మాత్రం ఆపినట్టే ఆపి మార్చిలో మళ్లీ మొదలెట్టాడు. పెట్టె బయట కనిపించదు, అడిగితే కింద నుంచి తీస్తాడు. మిగిలిన ఒక్క కొట్టు మొదటి నుంచీ మన మాట వినలేదు, ఇప్పటికీ వినడం లేదు. లెక్క ఇదీ: ఐదింట మూడు.

విడి సిగరెట్ గురించి ఒక మాట. ప్యాకెట్ మీద 2016 నుంచి రెండు వైపులా 85 శాతం మేర బొమ్మ హెచ్చరిక ఉంది, 2018 నుంచి మానేయాలనుకునేవాళ్ల కోసం 1800-11-2356 అన్న ఉచిత నంబరూ అచ్చేస్తున్నారు. తొమ్మిదో తరగతి కుర్రాడు ప్యాకెట్ కొనడు. ఒకటి కొంటాడు, దాంతో పాటు ఒక మింట్ బిళ్ల కొంటాడు. ఆ బొమ్మా, ఆ నంబరూ కొట్టువాడి దగ్గరే ఉండిపోతాయి. మహారాష్ట్ర 2020లో విడి అమ్మకం నిషేధించింది. 2022లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దేశమంతా అలాగే చేయాలని సిఫార్సు చేసింది. అది జరిగే దాకా, వేలకొద్దీ పోస్టర్ల కంటే ఆ మింట్ బిళ్ల సీసా మీద కన్నేసి ఉంచడం మేలని నా అభిప్రాయం.

మన తప్పు

ఇది రాయాలా వద్దా అని కార్యవర్గంలో చర్చ జరిగింది. రాయమనే తేలింది.

డిసెంబరులో ఒక ఉదయం కమ్యూనిటీ హాలు ఊడ్చే ఆమె నా దగ్గరకు వచ్చి, "సార్, పిల్లలెవరో పెన్ను మర్చిపోయారు, పుచ్చకాయ వాసనొస్తోంది" అని చేతిలో పెట్టింది. హైలైటర్ పెన్నంత లావు, లేత ఆకుపచ్చ రంగు, కొసన చిన్న లైటు. నేను మూత కోసం వెతికాను. మా మనవడు ఫోన్లో ఫొటో చూసి, "తాతయ్యా, అది వేప్, నోట్లో పెట్టుకోకు" అన్నాడు.

అప్పుడు నేను చేసిన పని ఆ ఫొటోను సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టి, "ఇది ఎవరి పిల్లలది? వెంటనే చెప్పగలరు" అని రాయడం. గంటలో నలభై మెసేజ్‌లు వచ్చాయి. ఒకరు ముందు రోజు హాల్లో ఎవరెవరు షటిల్ ఆడారో రాశారు. ఇంకొకరు ఒక ఇంటి నంబరు రాసి ప్రశ్నార్థకం పెట్టారు. మధ్యాహ్నానికి అందరికీ "తెలిసిపోయింది". ఆ అబ్బాయి మూడు వారాలు ఇల్లు కదల్లేదు. అతను కాదు, అతనే అన్న దానికంటే, ఆ మూడు వారాలే నాకు గుర్తుండిపోయాయి. ఆ మెసేజ్ పెట్టింది నేను. సభ్యులందరి ముందు క్షమాపణ చెబుతున్నాను. అతని పేరు ఈ నివేదికలోనే కాదు, మినిట్స్ పుస్తకంలోనూ లేదు.

తర్వాత వాళ్లమ్మగారు మా ఇంటికి వచ్చారు. కోపంగా వస్తారనుకున్నాను. సోఫా అంచున కూర్చుని, "వాడికి పదహారు అన్నయ్యగారూ. ఇంటర్ మొదటి సంవత్సరం టెన్షన్ అంటాడు. సీనియర్ ఎవరో ఇచ్చాడట, తర్వాత ఇన్‌స్టాగ్రామ్‌లో తెప్పించుకున్నాడట. సిగరెట్ అయితే నాకు వాసన తెలిసేది, ఇది బబుల్‌గమ్ అనుకున్నా" అన్నారు. ఆ అబ్బాయితో ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగానికి నేనే వెళ్లాను. అక్కడి డాక్టరమ్మ తిట్టలేదు, భయపెట్టలేదు. ఏ పూట గుర్తొస్తుంది, ఎవరితో ఉన్నప్పుడు గుర్తొస్తుంది, ఇవే అడిగింది. ఇందులో ఉండే నికోటిన్ గొంతు మండకుండా దిగుతుంది కాబట్టే పిల్లలకు ఎంత లోపలికి పోయిందో తెలియదని చెప్పింది. అతనిప్పుడు ఎలా ఉన్నాడో మీకు చెప్పాల్సిన పని లేదు. షటిల్‌కి వస్తున్నాడు.

చట్టం మాటకొస్తే, ఈ-సిగరెట్లను కేంద్రం 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సుతో, డిసెంబరులో చట్టంతో పూర్తిగా నిషేధించింది. తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, ప్రకటన, ఏదీ కుదరదు. మొదటిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు లేదా లక్ష వరకు జరిమానా లేదా రెండూ, మళ్లీ చేస్తే మూడేళ్లు, ఐదు లక్షలు. సరుకు నిల్వ ఉంచినా ఆరు నెలల దాకా జైలు. ఇందులో "పద్దెనిమిది లోపు" అన్న షరతే లేదు, అసలు ఎవరికీ అమ్మకూడదు. వాడినవాడికి మాత్రం ఆ చట్టంలో శిక్ష రాయలేదు. పిల్లల విషయంలో అది మంచిదేనని నాకనిపిస్తుంది. ఆ అబ్బాయి భయం లేకుండా నోరు విప్పబట్టే అమ్మిన ఖాతా పేరు తెలిసింది. ఆ వివరాలు ఆరోగ్య శాఖ 2023లో తెరిచిన ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టాం, పరికరాన్ని స్టేషన్‌లో అప్పగించాం. పది రోజులకు ఆ ఖాతా మాయమైంది. ఇంకో పది రోజులకు అవే ఫొటోలతో ఇంకో పేరు మీద వెలిసింది. మళ్లీ పెట్టాం.

డాలస్ నుంచి వచ్చిన మన సభ్యుడొకాయన అక్కడి సంగతి చెప్పారు. అమెరికాలో 2019 డిసెంబరు నుంచి ఇరవై ఒకటి నిండితేనే అమ్మాలి. 2024 సెప్టెంబరు నుంచి ముప్పై లోపు కనిపించే ప్రతి ఒక్కరి ఐడీ చూడాలి. "నా జుట్టుకి రంగు వేసుకున్న రోజు నన్నూ అడిగారు" అని ఆయన నవ్వారు. అక్కడ బడి పిల్లల్లో వేప్ వాడేవాళ్లు 2019లో యాభై లక్షలు దాటితే 2024కి పదహారు లక్షల చిల్లరకు తగ్గారట. నిషేధం లేని చోట తగ్గింది, నిషేధం ఉన్న చోట నా చేతిలో పుచ్చకాయ వాసన. దీని గురించి ఎవరైనా తీరిగ్గా మాట్లాడదామంటే నేను సాయంత్రాలు ఇంట్లోనే ఉంటాను.

ఆలస్యంగా వెళ్తున్నాం

2024 సెప్టెంబరు 24న కేంద్ర ఆరోగ్య శాఖ పొగాకు రహిత యువత ప్రచారం రెండో విడత మొదలెట్టింది, అరవై రోజులు. అంతకు ముందు మే 31న మన పి.వి. సింధును పొగాకు నియంత్రణకు బ్రాండ్ అంబాసిడర్‌గా ప్రకటించారు. ఈ ఊపులో మనమూ బడికి వెళ్లి ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు అవగాహన సదస్సు పెట్టాం. పిల్లలు చక్కగా కూర్చున్నారు. థియేటర్లో సినిమాకు ముందు వేసే హెచ్చరిక ప్రకటనను ఒక కుర్రాడు అదే గొంతుతో అప్పజెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. భయపెట్టాల్సిన ప్రకటన మిమిక్రీ ఐటమ్ అయిపోయిందని అప్పుడు తెలిసింది.

తర్వాత 2019 నాటి ప్రపంచ యువజన పొగాకు సర్వే భారతదేశ నివేదిక చదివాను. ముందే చదవాల్సింది. 13–15 ఏళ్ల విద్యార్థుల్లో పొగాకు వాడుతున్నవాళ్లు 8.5 శాతం. నన్ను నిలబెట్టిన అంకె అది కాదు. సిగరెట్ తాగే ఆ పిల్లల్లో 38 శాతం, బీడీ తాగేవాళ్లలో 47 శాతం, నమిలేవాళ్లలో 52 శాతం పదో పుట్టినరోజు రాకముందే మొదలెట్టారు. పదేళ్లంటే నాలుగో తరగతి, ఐదో తరగతి. మనం మైకు పట్టుకుని వెళ్లింది పదో తరగతికి.

అందుకని జనవరిలో ప్రాథమిక పాఠశాలకు వెళ్లాం. మైకు లేదు, క్యాన్సర్ బొమ్మలు లేవు. "ఒక్కసారి పీల్చి చూడరా" అని ఒకరంటే వద్దని చెప్పే ఆట ఆడించాం. ఆట మధ్యలో నాలుగో తరగతి పాప లేచి, "మా తాతయ్య నన్నే కొట్టుకి పంపుతాడు. వెళ్లనంటే తిడతాడు. ఏం చెప్పాలి?" అంది.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. పాతికేళ్ల కిందట మా అబ్బాయి చేతిలో డబ్బు పెట్టి నేనూ పంపినవాణ్ణే. మిగిలిన చిల్లరతో చాక్లెట్ కొనుక్కోమనేవాణ్ణి కూడా. కొట్టువాడు పిల్లవాడికి అమ్మితే నేరం అని బోర్డు కట్టాం. ఆ పిల్లవాణ్ణి పంపిన మనం ఏ బోర్డులోనూ లేం.

టీచరు గారి సలహాతో పిల్లలందరికీ ఒక చీటీ ఇచ్చి పంపాం: "మా ఇంటి పిల్లల్ని సిగరెట్, చుట్ట, ఖైనీ, గుట్కా తేవడానికి పంపం." కింద సంతకానికి గీత. అరవై నాలుగు చీటీలు వెళ్తే నలభై ఒకటి తిరిగొచ్చాయి. ఆ పాప చీటీ మీద సంతకం పక్కన వణుకుతున్న అక్షరాలతో "చుట్ట నేనే తెచ్చుకుంటాను, పాపని అనకండి" అని రాసి ఉంది. మిగిలిన ఇరవై మూడిళ్లకు ఎవరూ వెళ్లలేదు, వెళ్లకూడదనే నిర్ణయించాం.

మిగతా కార్యక్రమాలు

బోరు మోటారు రెండుసార్లు కాలింది, రెండోసారి కొత్తది వేశాం. సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు చవితి పందిరి ఖర్చు సగానికి తగ్గించి బియ్యం, దుప్పట్లు పంపాం. లడ్డూ వేలం ఈసారి జరగలేదు, దాని మీద అలిగినవాళ్లు ఇంకా అలిగే ఉన్నారు. మూడో వీధి కుక్కల సమస్య అలాగే ఉంది. ఆడిట్ చేసిన జమాఖర్చుల పట్టీ హాలు నోటీసు బోర్డులో ఉంది.

పొగాకు కమిటీ ఖర్చు: బోర్డులు ఐదు 1,750, పసుపు పెయింట్ 1,480, యాభై మీటర్ల టేపు 640, కరపత్రాలు, చీటీలు 2,200, సమావేశాల టీలు 900. మొత్తం 6,970 రూపాయలు. మంజూరైన పది వేలలో 3,030 మిగిలింది. టీలన్నీ బడ్డీకొట్టు ఆవిడ దగ్గరే తెప్పించాం.

జూన్ 29 ఆదివారం సమావేశంలో మీ ముందుకు వచ్చే విషయాలు

మొదటిది, మిగిలిన డబ్బును ఈ ఏడాదికి కొనసాగించడం. బళ్లు తెరిచాక కేంద్ర విద్యాశాఖ కూడా పసుపు గీత, వంద గజాల అమ్మకాల మీద రాష్ట్రాలను గట్టిగా అడుగుతోంది కాబట్టి, గీత తిరిగి వేయడానికి నగరపాలక సంస్థ ఒప్పుకుంటుందేమో అడగాలని ఉంది. ఒప్పుకోకపోతే మన పెయింట్ మనమే.

రెండోది, వాట్సాప్ గ్రూపు నియమం. పిల్లలకు సంబంధించిన ఫొటో గానీ, ఇంటి నంబరు గానీ ఎవరూ పెట్టకూడదు, కార్యదర్శితో సహా. ఏదైనా దొరికితే మహిళా విభాగంలో ఇద్దరికి మాత్రమే చెప్పాలి. ఆ ఇద్దరెవరన్నది మీరే ఎన్నుకోవాలి.

మూడోది, మొదటి నుంచీ మాట వినని ఆ ఒక్క కొట్టు. ఈసారి ఫిర్యాదా, పాలపొట్లమా అన్నది మీరు తేల్చండి. ఆ కొట్టాయన కూడా మన సంఘం సభ్యుడే, సమావేశానికి వస్తానన్నారు.

నాలుగోది, కార్యదర్శి పదవి. నాకు ఇది మూడో ఏడు, చాలు. ఎవరు తీసుకున్నా రికార్డులు, హాలు తాళాలు, సుద్ద మరకలున్న ఆ యాభై మీటర్ల టేపు అప్పజెబుతాను. టేపు కొస దగ్గర మొదటి రెండు సెంటీమీటర్లు అరిగిపోయాయి, కొలిచేటప్పుడు తీసేసుకోవాలి.

ఇట్లు,
కార్యదర్శి